పరదేశపు కొట్లో మన చిమ్మిలి

ఎండాకాలం వస్తోందంటే మన ఇళ్లల్లో రెండు హడావిడులు. ఒకటి ఆవకాయ, రెండోది అమెరికా ప్రయాణం. కూతురి పురుడనో, కొడుకు గృహప్రవేశమనో, మనవలకి సెలవులనో తల్లులు విమానాలెక్కేస్తున్నారు. ఎక్కేముందు అందరి ప్రశ్నా ఒకటే. "ఏం పట్టుకెళ్లాలి?" కందిపొడి, కారప్పొడి, వడియాలు, అప్పడాలు, నాలుగు రకాల పచ్చళ్లు తూకం వేసి మరీ పెట్టెల్లో కుక్కుతాం. ఆ సంగతి ఇంకోసారి చెప్పుకుందాం. అక్కడికెళ్లాక కొత్త తినుబండారాలు కనిపిస్తే ఏం తినొచ్చు, ఏం తినకూడదు, పసిపిల్లల చేతికి ఏది ఇవ్వకూడదు అన్నది మాత్రం ఎవ్వరూ అడగరు. ఈ వారం మన కబుర్లు దాని గురించే.

మా మరదలి పురిటికని నేను వెళ్లి న్యూజెర్సీలో ఎడిసన్‌లో మూడు నెలలున్నాను. అక్కడ ఓక్ ట్రీ రోడ్డు మీద నడుస్తుంటే మన ఊరి బజారులో ఉన్నట్టే ఉంటుంది. కరివేపాకు, తమలపాకు, దోసకాయ అన్నీ దొరుకుతాయి. దాంతో మనవాళ్లు ఇండియన్ కొట్టు గడప దాటరు. పక్కనున్న పెద్ద అంతర్జాతీయ కిరాణా కొట్టుకి వెళ్దామంటే మా మరదలు, "ఎందుకు వదినా, అందులో మనకేముంటాయి, చేపలూ పీతలూ తప్ప!" అంది. "చూసొద్దాం పద, కొనకపోతే ఎవరూ కొట్టరుగా" అన్నాను.

ఇలాంటి కొట్లలో ఒక్కో వరస ఒక్కో దేశం. ఒక వరస కొరియా, ఇంకోటి జపాను, అవతల మెక్సికో, ఇవతల టర్కీ, లెబనాన్. వలస వచ్చినవాళ్లు తమ ఊరి రుచి మరిచిపోలేక పెట్టుకున్నవే ఇవన్నీ. మనవాళ్ల పటేల్ బ్రదర్స్ 1974లో షికాగోలో డెవాన్ వీధిలో చిన్న కొట్టుగానే మొదలైంది. కొరియా వాళ్ల హెచ్ మార్ట్ 1982లో న్యూయార్కులో క్వీన్స్ అనే చోట మొదలైంది. ఆ 'హెచ్' అక్షరం 'హన్ ఆ రుమ్' అన్న కొరియన్ మాటకి పొట్టి రూపం. అంటే రెండు చేతులతో పొదివి పట్టుకున్నన్ని సరుకులని అర్థం. ఎంత ఇల్లాలి మాటో చూడండి!

చెప్పొద్దూ, మొదటి పది నిమిషాలు నాకూ ఏమీ అర్థం కాలేదు. తెలియని అక్షరాలు, తెలియని రంగులు. అప్పుడు ఒక ఉపాయం తోచింది. పేరు చదవడం మానేసి, 'ఇది ఏ పిండితో చేశారు, దేంతో తీపి వేశారు, ఏది పట్టి ఉంచుతోంది' అని మూడే మూడు ప్రశ్నలు వేసుకున్నాను. పొయ్యి దగ్గర ఇరవై ఏళ్లు నిలబడిన ఆడదానికి ఆ మాత్రం తెలియకపోదు కదా. అంతే, కొట్టంతా చుట్టాల ఇల్లులా కనిపించింది.

బెల్లానికి ఎన్ని పేర్లో

మెక్సికో వరసలో గోధుమరంగు గోపురాల్లాంటివి ప్యాకెట్లలో ఉన్నాయి. పేరు 'పిలోన్‌సియో'. చెరకు రసం కాచి అచ్చుల్లో పోసినవి. అంటే అచ్చంగా మన బెల్లం! దాన్నే కొలంబియా వాళ్లు 'పనేలా' అంటారు, బ్రెజిల్ వాళ్లు 'రపదూరా' అంటారు. జపాను వరసలో నల్లటి ముక్కలుంటాయి, అవి ఒకినావా దీవుల నల్లబెల్లం. మలేషియా వాళ్ల 'గులా మెలాకా' కొబ్బరి చెట్టు కల్లుతో కాచేది, మన తాటిబెల్లానికి పినతల్లి కూతురనుకోండి. ఇండియన్ కొట్టు దగ్గర్లో లేని ఊళ్లో ఉన్న పిల్లలు పండక్కి పరమాన్నం ఎలాగమ్మా అని ఫోనులో అడిగితే, మెక్సికో వాళ్ల కొట్టుకి వెళ్లమని చెప్పండి. గోపురం గట్టిగా ఉంటుంది కనక కాస్త నీళ్లలో కరిగించి వడకట్టుకోవాలి.

అక్కడే 'అలెగ్రియా' అని ఒక మిఠాయి ఉంది. స్పానిష్‌లో ఆ మాటకి సంతోషమని అర్థం. తోటకూర గింజలు పేలాలుగా వేయించి, తేనెలోనో ఆ బెల్లప్పాకంలోనో కలిపి బిళ్లలు చేస్తారు. మన మరమరాల ఉండకి అది ఏమాత్రం దూరం? ఉత్తరాదివాళ్ల రాజ్‌గిరా లడ్డూ కూడా ఈ జాతి గింజలదే.

ఇంకో వరస తిరిగితే ఎండిన ఎర్రటి రేకులు సంచుల్లో ఉన్నాయి. మెక్సికో వాళ్లు వాటిని 'హమైకా' అంటారు, ఈజిప్టు వాళ్లు 'కర్కదే' అంటారు. నీళ్లలో మరిగించి పంచదార వేసి పానీయం చేసుకుంటారు. నోట్లో వేసుకోగానే పులుపు తెలిసిపోయింది. అవి మన ఎర్ర గోంగూర జాతి కాయల మీది రేకులు! మన పల్లెల్లో వీటితో పచ్చడి చేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నువ్వులూ, పిండీ, పాకమూ

టర్కీ, లెబనాన్ వరసలో డబ్బా మీద 'హల్వా' అని ఉంటే మన గోధుమ హల్వా అనుకోకండి. నువ్వుల ముద్దని పంచదార పాకంలో గిలక్కొట్టి గడ్డ కట్టిస్తారు. అరబ్బీలో తీపి అన్న మాట నుంచి పుట్టిన పేరే ఇటు మన హల్వాకీ వచ్చింది. నోట్లో వేసుకుంటే పొరలు పొరలుగా విరిగి కరిగిపోతుంది. కళ్లు మూసుకుంటే మన నువ్వుల చిమ్మిలే. కాకపోతే రోట్లో దంచిన బెల్లం వాసన ఉండదు.

'లోకుం' అనేది రంగురంగుల చదరపు ముక్కలు, పైన తెల్లటి పొడి. పంచదార, మొక్కజొన్న పిండి, గులాబీ నీళ్లు కలిపి చాలాసేపు ఉడికిస్తారు. మనం కార్న్‌ఫ్లోర్‌తో చేసే బొంబాయి హల్వా తెలుసుగా, దానికి నెయ్యి తీసేస్తే ఇదే. 'బక్లావా'లో కాగితమంత పల్చటి పిండి పొరలు, మధ్యలో పిస్తా గానీ అక్రూటు గానీ, పైన పాకం. తాపేశ్వరం మడతకాజా పొరలు విప్పదీసి చూసిన కళ్లకి ఇది కొత్తా?

కొరియా, జపాను వాళ్ల మిఠాయిల్లో సగం బియ్యంతోనే. జిగురు బియ్యాన్ని ఉడికించి దంచి 'మోచి' చేస్తారు. లోపల ఎర్ర గింజల పూర్ణం పెడతారు. ఆ గింజ పేరు అజుకి. అది మన పెసలు, మినుములు, అలసందలు ఉన్న కుటుంబంలోదే. కొరియా వాళ్లు పంటల పండగకి అర్ధచంద్రాకారంలో 'సోంగ్‌ప్యోన్' చేసి, లోపల నువ్వులూ తీపీ పెట్టి, పైన్ చెట్టు ఆకుల మీద ఆవిరికి ఉడికిస్తారు. వినాయకచవితి కుడుము గుర్తు రాలేదూ! అన్నట్టు, ప్యాకెట్ మీద 'గ్లూటినస్ రైస్' అని ఉంటే గోధుమ పడనివాళ్లు కంగారు పడక్కర్లేదు. అది జిగురు అన్న అర్థంలో వాడిన మాట. బియ్యంలో గోధుమలో ఉండే గ్లూటెన్ ఉండదు. అయినా మిగతా దినుసులు చూసుకోండి.

వియత్నాం వాళ్ల 'రైస్ పేపర్' పల్చటి గుండ్రటి రేకులు. చూడగానే ఆత్రేయపురం పూతరేకు గుర్తొచ్చింది. 2023లో మన పూతరేకుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది కదా. కానీ రుచిలో రెండింటికీ పొంతన లేదు. మనది కాలిన కుండ మీద తీసింది, అలాగే తినేస్తాం. వాళ్లది ఆవిరి మీద తీసి ఎండబెట్టింది, నీళ్లలో ముంచి మెత్తబరచి కూరలు చుట్టుకోవాలి.

ఇక దుంపలు. ఫిలిప్పీన్స్ వాళ్ల ఊదారంగు 'ఊబే' ఐస్‌క్రీము, కేకు చూసి ఏదో రంగు కలిపారనుకుంటాం. అది ఊదారంగు పెండలం! 'బబుల్ టీ'లో నల్లటి గోళీలు కర్ర పెండలం పిండితో చేసినవి, అంటే మన సగ్గుబియ్యం తోబుట్టువులు. సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులు చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పచ్చి కర్ర పెండలం కొంటే మాత్రం తొక్క మందంగా తీసి బాగా ఉడికించాలి. పచ్చిదాంట్లో విషపదార్థం ఉంటుంది, కొరికి రుచి చూడకూడదు.

థాయ్‌లాండ్ వరసలో డబ్బాల్లో లేత పనసకాయ ముక్కలు ఉంటాయి. 'ఇన్ బ్రైన్' అంటే ఉప్పునీళ్లలో వేసినవి. రెండుసార్లు కడిగి, పిండి, చిదిపి, ఆవపెట్టి కూర చేస్తే పనసపొట్టు కూరే. 'ఇన్ సిరప్' అని ఉంటే పండు తొనలు, పాకంలో వేసినవి. ఆ ఒక్క మాట చూడకపోతే కూర కాస్తా జామ్ అవుతుంది.

పోలిక చూసి నమ్మేయకండి

ఇంతసేపూ చుట్టరికాలు కలిపాను. ఇప్పుడు జాగ్రత్తలు. చూడటానికి మనవాటిలా ఉన్నవన్నీ మనవి కావు.

శాకాహారులకి మొదటి గండం జెలటిన్. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. మెత్తటి జెల్లీ బిళ్లల్లో, మార్ష్‌మాలోల్లో, కొన్ని లోకుంలలో కూడా ఉంటుంది. దాని బదులు 'అగర్', 'పెక్టిన్', 'స్టార్చ్' అని ఉంటే భయం లేదు. అగర్ అంటే మన చైనాగ్రాస్, సముద్రపు నాచు నుంచి తీసేది. జపాను వాళ్ల 'యోకన్' అనే చిక్కుడుగింజల హల్వా దాంతోనే గడ్డ కడుతుంది.

రెండోది 'లార్డ్', అంటే పంది కొవ్వు. చైనా వాళ్ల మూన్‌కేకుల్లో, మెక్సికో వాళ్ల కొన్ని బిస్కెట్లలో వాడతారు. మూన్‌కేకులో తామరగింజల ముద్ద ఎంతో కమ్మగా ఉంటుంది గానీ, చాలావాటిలో మధ్యలో ఉప్పులో ఊరేసిన బాతుగుడ్డు సొన ఉంటుంది. కోసి చూస్తే తప్ప తెలియదు. మూడోది 'కార్మైన్', ఎర్రరంగు. ఒకరకం పురుగుల నుంచి తీస్తారు. 2011 నుంచి అమెరికాలో దాని పేరు లేబుల్ మీద రాసి తీరాలి. 'కన్ఫెక్షనర్స్ గ్లేజ్' అని ఉంటే అది మిఠాయి మీద మెరుపు కోసం పూసే లక్క. అవును, మన లక్కగాజుల లక్కే. అది కూడా పురుగు నుంచి వచ్చేదే. పట్టింపు ఉన్నవాళ్లు చూసుకోవాలి.

తెల్లగా వడియాల్లా ఉండే 'ప్రాన్ క్రాకర్స్' రొయ్యలు కలిపినవి. కొరియా వాళ్ల కిమ్చి క్యాబేజీ పచ్చడే గానీ అందులో తరచుగా రొయ్యలో చేపల పులుసో పడుతుంది.

మన దేశంలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి నిశ్చింతగా కొంటాం. అమెరికాలో అలాంటి గుర్తు వేయాలన్న చట్టం లేదు. 'హలాల్' అన్నా, 'కోషర్' అన్నా శాకాహారమని కాదు, అవి వాళ్ల మతాచారం ప్రకారం చేసినవని అర్థం. 'వీగన్' అని ఉంటే పాలు, గుడ్డు, మాంసం, తేనె ఏవీ వేయలేదని. అందుకని ప్యాకెట్ వెనక్కి తిప్పి దినుసులు చదవడం ఒక్కటే దారి. ఇంగ్లీషు రాదని మొహమాటపడకండి. జెలటిన్, లార్డ్, ఎగ్, ఫిష్, ష్రింప్, కార్మైన్ - ఈ ఆరు మాటలు పిల్లల చేత పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాయించుకుని పర్సులో పెట్టుకోండి. అక్షరాలు పోల్చుకుంటే చాలు.

పల్లీలో, జీడిపప్పో పడని పిల్లలున్న ఇంట్లో ఇంకో పంక్తి చూడాలి. 'కంటెయిన్స్' అన్న మాట తర్వాత పడనివాటి పేర్లు రాస్తారు. పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, జీడిపప్పులాంటి గింజలు, పల్లీ, గోధుమ, సోయా - ఈ ఎనిమిదీ 2006 నుంచి తప్పనిసరి. నువ్వులు 2023 జనవరి 1 నుంచి తొమ్మిదోది. మనం నువ్వులు ఒంటికి మంచివని పెట్టేస్తాం, కానీ పడనివాళ్లకి అవే ప్రాణం మీదకి తెస్తాయి. ఎదుటివాళ్ల పిల్లలకి మిఠాయి ఇచ్చేముందు వాళ్లమ్మని అడగడం అక్కడి మర్యాద. మనం కూడా నేర్చుకోవలసిన మర్యాద అది.

ఇది మాత్రం మరిచిపోకండి

ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు. చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో, నొక్కితే గభాల్న నోట్లోకి జారిపడే పళ్ల జెల్లీలుంటాయి. అడుగున పండు ముక్క, ముచ్చటైన రంగులు. పిల్లలు చూస్తే వదలరు. వాటిలో కొన్ని 'కొన్యాకు' లేదా 'కొంజాక్' అనే దుంప పిండితో చేసినవి. ఆ దుంప మన కందగడ్డ జాతిదే. మామూలు జెల్లీ నోటి వేడికి కరుగుతుంది, ఇది కరగదు. గొంతులోకి జారితే బిరడాలా ఊపిరి బిగబడుతుంది. కొన్ని దేశాల్లో పసివాళ్లు ప్రాణాలే పోగొట్టుకున్నారు. 2001లో అమెరికా ఆహార, ఔషధ శాఖ హెచ్చరిక చేసి ఆ జెల్లీలు దేశంలోకి రాకుండా అడ్డుకుంది. యూరప్ దేశాల్లో కూడా నిషేధం ఉంది. అయినా ఎక్కడో ఒకచోట, ఎవరో తెచ్చిన సంచిలో కనిపించవచ్చు. ఏ పిండితో చేసిందైనా సరే, చప్పరించి మింగే చిన్న కప్పు జెల్లీ పసివాళ్ల చేతికి ఇవ్వొద్దు. ఇవ్వాలనుకుంటే పళ్లెంలో వేసి, సన్నగా తరిగి, ఎదురుగా కూర్చుని చెంచాతో పెట్టండి.

మోచీ కూడా అంతే. జపానులో కొత్త సంవత్సరం రోజుల్లో పెద్దవాళ్లకి మోచి గొంతుకి అడ్డం పడటం ఏటా జరిగేదే. ముక్కలు చిన్నవిగా కోసి తినమని టోక్యో అగ్నిమాపక శాఖ వాళ్లు చెబుతూనే ఉంటారు. పళ్లు లేని అత్తగారికీ, పళ్లు రాని మనవడికీ మోచి వద్దు. మిగతావాళ్లు వేలి గోరంత ముక్క చేసుకుని, బాగా నమిలి, మధ్యలో మంచినీళ్లు తాగుతూ తినాలి. గొంతుకి అడ్డం పడితే ఏం చేయాలో పిల్లల డాక్టరు దగ్గరకి వెళ్లినప్పుడు ముందే అడిగి నేర్చుకోండి. అమెరికాలో ఆపదకి ఫోను నంబరు 911, మనకి 108.

ఇంట్లో షుగరున్నవాళ్లుంటే ఇంకొక్క లెక్క. లేబుల్ మీద 'యాడెడ్ షుగర్స్' అని గ్రాముల్లో రాస్తారు. నాలుగు గ్రాములంటే సుమారు ఒక టీచెంచా పంచదార. పైన 'సర్వింగ్ సైజ్' ఎంతో కూడా చూడండి. డబ్బా మొత్తానికి అనుకుంటాం గానీ, ఆ లెక్క రెండు ముక్కలకే అయ్యుంటుంది. పిలోన్‌సియో అయినా, మన బెల్లమైనా షుగరున్నవాళ్లకి పంచదారతో సమానమే.

విదేశం వెళ్లనివాళ్లకి ఇదంతా ఎందుకంటారా? ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం పెద్ద షాపుల్లో ఇవి వరసగా పెడుతున్నారు. మన దేశంలో అమ్మే విదేశీ ప్యాకెట్ మీద దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా, ఆహార భద్రతా సంస్థ లైసెన్సు నంబరు, శాకాహారమో కాదో తెలిపే గుర్తు ఉండాలి. అవి లేని ప్యాకెట్ ఎంత చవకైనా కొనకండి.

ఇంట్లోనే అలెగ్రియా

రాజ్‌గిరా అని కిరాణా కొట్లో దొరికే గింజలు తీసుకోండి. విత్తనాల కోసమని మందు పట్టించినవి వద్దు. మందపాటి మూకుడు బాగా కాలనిచ్చి, ఒక్కో చెంచా చొప్పున వేసి మూత పెట్టి కదపాలి. క్షణాల్లో తెల్లగా పేలతాయి. జల్లించి పేలనివి తీసేయాలి. పేలాలు మూడు కప్పులుంటే బెల్లం తురుము అర కప్పు, నీళ్లు రెండు చెంచాలు. నీళ్లలో వేస్తే ఉండ కట్టే పాకం రాగానే దించి, చెంచా నెయ్యి, ఏలకుల పొడి, పేలాలు వేసి కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో నొక్కి ముక్కలు కోయండి. ఇష్టమైతే గుమ్మడి గింజలు పైన అద్దుకోండి.

మా మరదలు ఇప్పుడు ఆ కొట్టుకి వారానికోసారి వెళ్తోందట. ఎర్ర గోంగూర రేకులతో పచ్చడి నూరాననీ, పక్కింటి మెక్సికో ఆవిడ రెండో ముద్ద కూడా అడిగి వేయించుకుందనీ ఫోనులో చెప్పింది. కొత్త ఊళ్లో కూరగాయలు కొనుక్కోవడమే కష్టంగా ఉన్న అమ్మాయికి ఒక ఇరుగు దొరికింది. అంతకన్నా ఏం కావాలి?

వచ్చేవారం మామిడల్లం ఊరగాయలు. మీ ఇంటి పద్ధతులుంటే రాసి పంపండి.